వింటేజ్ లెన్స్: అటక మీది పాత లెన్స్ కొత్త కెమెరాకు పనికొస్తుందా? అసలు గుట్టు ఆ 45.46 మిల్లీమీటర్లలోనే!

రీల్స్ స్క్రోల్ చేస్తుంటే ఒక్కోసారి ఓ వీడియో దగ్గర వేలు ఆగిపోతుంది. చింతచెట్టు నీడలో ఒక అమ్మాయి నిలబడి ఉంటుంది. ముఖం స్పష్టంగా కనిపిస్తుంది. వెనకాల ఆకులు మాత్రం ఆమె చుట్టూ సుడి తిరుగుతున్నట్టు ఉంటాయి. కింద కామెంట్లలో ఒకటే ప్రశ్న.. "ఏ యాప్ అన్నా ఇది?"

చాలాసార్లు అది యాప్ కాదు, ఫిల్టరూ కాదు. 40, 50 ఏళ్ల కిందట సోవియట్ యూనియన్‌లో తయారైన ఒక మామూలు లెన్స్. పేరు హీలియోస్ 44-2. ఆటోఫోకస్ లేదు, మోటార్ లేదు, చిప్ లేదు. చేత్తో తిప్పుకోవాల్సిన రింగులు, లోపల ఆరు గాజు ముక్కలు.. అంతే.

ఇలాంటి పాత మాన్యువల్ లెన్సులకు ఇప్పుడు మళ్లీ గిరాకీ వచ్చింది. ఆన్‌లైన్ ప్రకటనల్లో ప్రతి పాత లెన్స్‌కూ 'రేర్' అని తగిలించి అమ్ముతున్నారు. ఇంకోపక్క తాతగారి బీరువాలోనో, మూతపడిన ఫొటో స్టూడియో అటక మీదో ఉన్న మంచి లెన్సులు పాత సామాన్ల వాడి తక్కెడలోకి వెళ్లిపోతున్నాయి. పనికిరానిది కొని డబ్బు పోగొట్టుకునేవాళ్లు కొందరైతే, పనికొచ్చేదాన్ని పారేసుకునేవాళ్లు ఇంకొందరు. ఈ రెండు తప్పులూ జరగకుండా ఉండాలంటే ముందు ఒక చిన్న లెక్క తెలియాలి.

భూతద్దం ఆటలోనే ఉంది అసలు లెక్క

చిన్నప్పుడు భూతద్దంతో ఎండను కాగితం మీద పడేలా పట్టి కాల్చిన ఆట గుర్తుందా? అద్దాన్ని ఎలా పడితే అలా పట్టుకుంటే కాగితం కాలదు. సరిగ్గా ఒక దూరంలో ఉంచినప్పుడే వెలుగంతా చుక్కగా చేరుతుంది. కాస్త ముందుకు జరిపినా, వెనక్కి జరిపినా ఆ చుక్క పెద్ద మచ్చలా చెదిరిపోతుంది.

కెమెరా లెన్స్ కూడా అంతే. ప్రతి కంపెనీ తన లెన్స్ బిగించే అంచు నుంచి లోపలి ఫిల్మ్ వరకు ఎంత దూరం ఉండాలో ముందే ఖరారు చేసుకుంటుంది. దీన్నే ఫ్లాంజ్ దూరం అంటారు. హీలియోస్ 44-2 వాడే ఎం42 మరచుట్టు లెన్సులకు ఈ దూరం 45.46 మిల్లీమీటర్లు. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ మౌంట్‌కు 46.5. కెనాన్ పాత ఎఫ్‌డీకి 42. లైకా ఎంకు 27.8.

పాత ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకు ఇంత దూరం ఎందుకంటే, లోపల అద్దం ఉండేది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుగును పైకి, కన్ను పెట్టి చూసే కిటికీలోకి మళ్లించేది ఆ అద్దమే. బటన్ నొక్కగానే అది టక్కున పైకి లేవాలి. అది లేచి దిగడానికి చోటు కావాలి కాబట్టి లెన్స్‌ను ముందుకు పెట్టారు. తర్వాత వచ్చిన డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌లలోనూ ఇదే అద్దం, ఇదే దూరం.

మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక ఆ అద్దం పోయింది. దాంతో దూరం బాగా తగ్గింది. 2008లో వచ్చిన మైక్రో ఫోర్ థర్డ్స్‌కు 19.25 మిల్లీమీటర్లు. 2010లో వచ్చిన సోనీ ఈ మౌంట్‌కు 18. 2012 నాటి ఫ్యూజీ ఎక్స్‌కు 17.7. 2018లో వచ్చిన నికాన్ జెడ్‌కు 16, కెనాన్ ఆర్‌ఎఫ్‌కు 20.

ఇప్పుడు లెక్క చాలా తేలిక. హీలియోస్‌కు కావాల్సింది 45.46. సోనీ బాడీలో ఉన్నది 18. మధ్యలో మిగిలేది 27.46 మిల్లీమీటర్లు. సరిగ్గా అంత పొడవున్న ఖాళీ లోహపు గొట్టాన్ని మధ్యలో బిగిస్తే చాలు, లెన్స్ తన పాత ఇంట్లోనే ఉన్నట్టు పనిచేస్తుంది. మార్కెట్లో అడాప్టర్ పేరుతో అమ్మేది ఆ గొట్టాన్నే. అందులో గాజు ఉండదు, వైరు ఉండదు. అందుకే ధర కూడా తక్కువే.

మరి డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్ల పరిస్థితేంటి?

ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. గొట్టంతో దూరాన్ని పెంచగలం కానీ, తగ్గించలేం.

కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ ఫ్లాంజ్ దూరం 44 మిల్లీమీటర్లు. ఎం42 లెన్స్‌కు 45.46 కావాలి. ఒకటిన్నర మిల్లీమీటర్ల చోటు మిగిలింది కాబట్టి సన్నటి రింగు లాంటి అడాప్టర్ సరిపోతుంది. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కు వస్తే కథ మారిపోతుంది. దాని దూరం 46.5. అంటే ఎం42 లెన్స్ అక్కడ ఉండాల్సిన చోటు కంటే ముందుకే కూర్చుంటుంది. దగ్గరి పువ్వు, మనిషి ముఖం ఫోకస్ అవుతాయి. దూరంగా ఉన్న కొండ మాత్రం రింగు ఎంత తిప్పినా మసగ్గానే ఉంటుంది. దీనికోసం గాజు ఉన్న అడాప్టర్లు దొరుకుతాయి కానీ, ఆ గాజు నాణ్యత అంతంతమాత్రమైతే ఫొటో కూడా అలాగే వస్తుంది.

ఇంకో విచిత్రం కెనాన్‌లోనే ఉంది. కెనాన్ 1971లో ఎఫ్‌డీ లెన్సులు తెచ్చింది. 1987లో వాటిని పక్కనపెట్టి ఈఎఫ్ మౌంట్‌కు మారింది. ఎఫ్‌డీ దూరం 42, ఈఎఫ్ దూరం 44. ఫలితం.. కెనాన్ పాత లెన్స్ కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కే సరిగ్గా నప్పదు. అదే లెన్స్ సోనీ, ఫ్యూజీ, నికాన్ జెడ్ లాంటి మిర్రర్‌లెస్ బాడీల మీద హాయిగా పనిచేస్తుంది. ఏళ్ల తరబడి ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉన్న ఎఫ్‌డీ లెన్సులకు మళ్లీ రోజులొచ్చింది అందుకే.

ఫుల్ ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్ వాడేవాళ్లకు మరో హెచ్చరిక. కొన్ని పాత లెన్సుల వెనక భాగం లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది. దూరానికి ఫోకస్ చేసినప్పుడు లోపలి అద్దం లేచి దానికి తగిలే ప్రమాదం ఉంది. తగిలితే బాగుచేయించాల్సింది పాత లెన్స్‌ను కాదు, కెమెరాను.

అసలు ఆ సుడి ఎలా వస్తుంది?

హీలియోస్ 44 రష్యన్ లెన్సే కానీ, దాని మూలం జర్మనీలో ఉంది. యెనా నగరంలోని కార్ల్ జైస్ కంపెనీ రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బయోటార్ అనే 58 ఎంఎం, ఎఫ్/2 లెన్స్ చేసింది. యుద్ధం ముగిశాక యెనా సోవియట్ ఆధీనంలోకి వెళ్లింది. బయోటార్ డిజైన్ ఆధారంగా మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్‌లోని కేఎంజెడ్ ఫ్యాక్టరీ హీలియోస్ 44ను మొదలుపెట్టింది. జెనిట్ కెమెరాలతో పాటు ఇచ్చే లెన్స్ కావడంతో లక్షల సంఖ్యలో తయారైంది.

సుడికి కారణం నిజానికి ఒక లోపమే. వెనకాల దూరంగా ఉన్న వెలుగు చుక్కలు ఫోకస్ తప్పినప్పుడు గుండ్రటి బిళ్లల్లా కనిపించాలి. ఫ్రేమ్ మధ్యలో అలాగే కనిపిస్తాయి. అంచులకు వెళ్లేకొద్దీ లెన్స్ గొట్టం అంచు ఆ వెలుగును కొంత కోసేస్తుంది. గుండ్రటి బిళ్ల కాస్తా బాదం గింజ ఆకారానికి మారుతుంది. ఆ బాదం గింజలన్నీ మధ్య బిందువు చుట్టూ వలయంలా పేర్చినట్టు ఉంటాయి. దీనికి పాత డిజైన్‌లోని మరికొన్ని లోపాలు తోడై, చూసేవాళ్ల కంటికి వెనకంతా తిరుగుతున్నట్టు అనిపిస్తుంది.

అందుకే ఈ సుడి ఎప్పుడు పడితే అప్పుడు రాదు. అపర్చర్ పూర్తిగా తెరిచి ఎఫ్/2లో ఉంచాలి. మనిషి ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో ఉండాలి. వెనకాల కొన్ని మీటర్ల అవతల సన్నటి ఆకులు, వాటి మధ్య నుంచి వెలుగు చుక్కలు కావాలి. చింత, తుమ్మ లాంటి చెట్లు దీనికి భలే కుదురుతాయి. ఖాళీ గోడ ముందు నిలబెట్టి తీస్తే సుడీ లేదు, గిడీ లేదు. అపర్చర్‌ను ఎఫ్/5.6కు తెచ్చినా అది దాదాపు మాయమవుతుంది. అప్పుడు ఇదే లెన్స్ మామూలు లెన్స్‌లా చక్కగా, షార్ప్‌గా తీస్తుంది.

సెన్సర్ సైజు కూడా ముఖ్యమే. సుడి ఉండేది అంచుల్లో. ఏపీఎస్-సీ సెన్సర్ ఆ అంచులనే కోసేస్తుంది. పైగా దానిమీద 58 ఎంఎం లెన్స్ దాదాపు 87 ఎంఎం లెన్స్‌లా ఇరుగ్గా చూపిస్తుంది. మైక్రో ఫోర్ థర్డ్స్ మీదైతే 116 ఎంఎంలా. ఫుల్ ఫ్రేమ్ రీల్ చూసి మోజుపడి చిన్న సెన్సర్ కెమెరాకు ఈ లెన్స్ కొంటే నిరాశ తప్పదు. ఫోకల్ రెడ్యూసర్ అనే గాజు ఉన్న అడాప్టర్ వాడితే పోయిన అంచులు చాలావరకు తిరిగొస్తాయి కానీ, ఖర్చు పెరుగుతుంది.

ఫోన్ సంగతేంటంటారా? ఇలాంటి లెన్స్‌ను ఫోన్‌కు నేరుగా బిగించలేం. ఫోన్‌లోని పోర్ట్రెయిట్ మోడ్ వెనక భాగాన్ని సాఫ్ట్‌వేర్‌తో మసక చేస్తుంది. అందుకే జుట్టు పోగులు, కళ్లజోడు అంచుల దగ్గర ఒక్కోసారి తేడా కొడుతుంది. లెన్స్ ఇచ్చే మసక అలా కాదు, వెలుగులోనే పుడుతుంది.

హాలీవుడ్ కూడా పాత గాజు వెంటే

ఇది రీల్స్ పిచ్చి అని కొట్టిపారేయడానికి లేదు. 'డ్యూన్' సినిమాకు ఆస్కార్ అందుకున్న సినిమాటోగ్రాఫర్ గ్రెగ్ ఫ్రేజర్, 2024లో వచ్చిన 'డ్యూన్: పార్ట్ టూ' కోసం పాత సోవియట్ లెన్సులు కూడా వాడారు. ఆ గాజును సినిమా కెమెరాలకు తగ్గట్టు కొత్త లోహపు బాడీల్లో బిగించి షూట్ చేశారు. డిజిటల్ సెన్సర్ ఇచ్చే మరీ శుభ్రమైన, మరీ పదునైన బొమ్మను కాస్త మెత్తబరచడానికి ఎందరో కెమెరామెన్లు ఇదే దారి పట్టారు.

అయితే నిజంగా అరుదైన లెన్స్ అంటే ఏంటో తెలియాలంటే 1975కు వెళ్లాలి. స్టాన్లీ కుబ్రిక్ తన 'బ్యారీ లిండన్'లో కొన్ని సీన్లను కొవ్వొత్తుల వెలుగులోనే తీయాలనుకున్నారు. దానికోసం జైస్ తయారుచేసిన ప్లానార్ 50 ఎంఎం, ఎఫ్/0.7 లెన్స్ వాడారు. నాసా చంద్రుడి యాత్రల కోసం చేసిన లెన్స్ అది. మొత్తం తయారైనవే 10. వాటిలో 6 నాసాకు వెళ్లాయి, 3 కుబ్రిక్ కొన్నారు, ఒకటి జైస్ దగ్గరే ఉండిపోయింది.

ఆ లెన్స్ కొన్నంత మాత్రాన పని జరగలేదు. ఇక్కడా అదే దూరం సమస్య. ఆ లెన్స్ వెనక గాజు ఫిల్మ్‌కు కొన్ని మిల్లీమీటర్ల దగ్గరకు రావాలి. మిచెల్ సినిమా కెమెరాలో అంత చోటు లేదు. చివరికి కెమెరా లోపలి భాగాన్నే కోసి, చెక్కి దాన్ని బిగించాల్సి వచ్చింది. ఆ సినిమాకు జాన్ ఆల్కాట్ ఉత్తమ సినిమాటోగ్రఫీ ఆస్కార్ గెలిచారు.

పదే తయారైన లెన్స్‌ను రేర్ అనాలి. లక్షల్లో తయారైన హీలియోస్‌ను కూడా రేర్ అంటున్నారంటే అది అమ్మేవాడి మాట మాత్రమే. ఒకటి నచ్చకపోతే ఇంకోటి దొరుకుతుంది. తొందరపడి కొనాల్సిన పనేలేదు.

బిగించాక ఏం చేయాలి?

పాత లెన్స్ పెట్టగానే చాలా కెమెరాలు 'లెన్స్ లేదు' అని మొరాయిస్తాయి. లెన్స్‌లో చిప్ లేదు కాబట్టి కెమెరాకు అది కనిపించదు. సెట్టింగ్స్‌లో 'లెన్స్ లేకుండా షటర్ రిలీజ్' అనే అర్థం వచ్చే ఆప్షన్ ఉంటుంది. దాన్ని ఆన్ చేయాలి.

తర్వాత బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే ఫోకల్ లెంగ్త్‌ను చేత్తో ఎంటర్ చేయాలి. హీలియోస్‌కు 58 అని ఇవ్వాలి. చిన్న సెన్సర్ అయినా సరే 58 అనే ఇవ్వాలి, 87 కాదు. తప్పు నంబర్ ఇస్తే వీడియో నిలకడగా ఉండాల్సింది పోయి ఇంకా ఊగుతుంది.

ఫోకస్ కోసం పీకింగ్ ఆన్ చేసుకుంటే, స్పష్టంగా ఉన్న అంచులు రంగు గీతలతో మెరుస్తాయి. దాన్నే పూర్తిగా నమ్మకుండా, రికార్డింగ్ మొదలుపెట్టే ముందు బొమ్మను జూమ్ చేసి కంటి దగ్గర ఒకసారి చూసుకోవడం మంచిది. ఎందుకంటే ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్/2లో ఒకటిన్నర మీటర్ల దూరంలో స్పష్టంగా ఉండే లోతు సుమారు 8 సెంటీమీటర్లే. ముక్కు నుంచి చెవి దాకా కూడా రాదు. మనిషి ఒక్క అడుగు ముందుకేస్తే ఫోకస్ పోయినట్టే.

ఫొటోలకు అపర్చర్ ప్రయారిటీ మోడ్ చాలు. రింగు తిప్పి అపర్చర్ పెట్టుకుంటే షటర్ స్పీడ్‌ను కెమెరాయే చూసుకుంటుంది.

వీడియోకు మాత్రం ఇంకొన్ని జాగ్రత్తలు కావాలి. సెకనుకు 25 ఫ్రేముల్లో తీస్తుంటే షటర్ 1/50 దగ్గర ఉంచాలి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల మినుకు కూడా దీంతో తగ్గుతుంది. కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో ఎఫ్/2, 1/50 అంటే బొమ్మ తెల్లగా మాడిపోతుంది. ఐఎస్‌ఓ 100 దగ్గర కూడా దాదాపు 7 స్టాపుల వెలుగు తగ్గించాలి. అందుకే ఎన్‌డీ ఫిల్టర్ తప్పనిసరి. హీలియోస్ 44-2 ముందు మరచుట్టు సైజు 49 ఎంఎం. ఫిల్టర్ కొనేటప్పుడు ఆ నంబర్ చూసుకోవాలి.

వీడియో తీసేవాళ్లకు పాత లెన్సుల్లో ఒక లాభమూ ఉంది. ఫోకస్ రింగు చాలా దూరం తిరుగుతుంది. మెల్లగా, సాఫీగా ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఫోకస్ మార్చొచ్చు. హీలియోస్ 44-2కు అపర్చర్ రింగులు రెండు. ఒకటి టక్ టక్‌మంటూ ఆగుతుంది. రెండోది చప్పుడు లేకుండా తిరుగుతుంది. మొదటిదాన్ని 16 దగ్గర పెట్టేసి రెండోదాన్ని తిప్పితే, షాట్ మధ్యలోనే వెలుగును సాఫీగా పెంచొచ్చు, తగ్గించొచ్చు.

కొనేముందు ఫోన్ టార్చ్ ఉంటే చాలు

పాత లెన్స్ విలువ పేరులో లేదు, దాని ఒంట్లో ఉంది. పరీక్షకు ఫోన్ టార్చ్ సరిపోతుంది. రెండువైపులా మూతలు తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనకవైపు నుంచి టార్చ్‌ను కాస్త ఏటవాలుగా వేసి ముందునుంచి చూడాలి.

సాలెగూడు పోగుల్లా సన్నటి తీగలు కనిపిస్తే అది ఫంగస్. తేమ ఎక్కువుండే చోట ఇది మామూలే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో తోలు సంచిలో ఏళ్లపాటు మూతపెట్టి ఉంచిన లెన్స్‌కు ఫంగస్ పట్టే అవకాశం మరీ ఎక్కువ. మొదట్లో అయితే మెకానిక్ విప్పి తుడిస్తే పోతుంది. ముదిరితే ఫంగస్ గాజు పూతను, గాజునే తినేస్తుంది. ఆ మచ్చ ఇక పోదు.

గాజు మీద పలచటి పొగ పట్టినట్టుంటే దాన్ని హేజ్ అంటారు. వెలుగుకు ఎదురుగా తీస్తే బొమ్మంతా పాలిపోతుంది. అంచుల్లో ఇంద్రధనుస్సు రంగుల మరక కనిపిస్తే, రెండు గాజులను అతికించిన జిగురు ఊడుతోందని అర్థం. దాన్ని బాగుచేయడం కష్టం. అపర్చర్ రేకుల మీద నూనె మెరుస్తుందేమో, రెండు రింగులూ బిగుసుకుపోయాయేమో చూడాలి. లోపల నాలుగు దుమ్ము చుక్కలు, ముందు గాజు మీద సన్నటి గీత ఉన్నంత మాత్రాన కంగారుపడక్కర్లేదు. వెనక గాజు మీద గీత ఉంటే మాత్రం వదిలేయడమే మంచిది.

గాజు పసుపు రంగులో ఉంటే అది మరో కథ. అసాహి పెంటాక్స్ సూపర్ టకుమార్ 50 ఎంఎం, ఎఫ్/1.4 లాంటి కొన్ని లెన్సుల గాజులో థోరియం కలిపారు. ఏళ్లు గడిచేకొద్దీ అలాంటి గాజు పచ్చబడుతుంది. థోరియానికి స్వల్పంగా రేడియోధార్మికత ఉంటుంది. కెమెరాకు బిగించి మామూలుగా ఫొటోలు తీసుకోవడానికి భయపడాల్సిన స్థాయి కాదది. అయితే అలాంటి లెన్స్‌ను ఇంట్లో విప్పడం, గాజును రుద్దడం, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వడం చేయకూడదు. కొన్ని రోజుల పాటు యూవీ వెలుగులో ఉంచితే పసుపు చాలావరకు విరుగుతుంది. కిటికీలో ఎండకు పెట్టి మర్చిపోతే మాత్రం ఆ భూతద్దం ఆటే నిజమై ఇంట్లో మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.

అడాప్టర్ విషయంలో మరో ఉచ్చు ఉంది. 39 ఎంఎం మరచుట్టు పాత రష్యన్ లెన్సులు రెండు రకాలు. తొలితరం జెనిట్ ఎస్‌ఎల్‌ఆర్‌వి ఒకటి, రేంజ్‌ఫైండర్ కెమెరాలవి ఇంకొకటి. మర రెండింటికీ దాదాపు ఒకటే. దూరం మాత్రం మొదటిదానికి 45.2, రెండోదానికి 28.8 మిల్లీమీటర్లు. ఒకదాని అడాప్టర్ ఇంకోదానికి బిగుసుకుంటుంది కానీ ఫోకస్ మాత్రం కుదరదు. లెన్స్ పాడైపోయిందని పారేసేముందు అడాప్టర్ సరైనదో కాదో చూసుకోవాలి.

అలాగే లెన్స్ మీద అపర్చర్ రింగు ఉందో లేదో చూడాలి. 1987 తర్వాతి కెనాన్ ఈఎఫ్ లెన్సుల్లో అపర్చర్‌ను కరెంటు సిగ్నలే నడుపుతుంది. ఖాళీ గొట్టం అడాప్టర్‌తో వాటి అపర్చర్ మారదు.

అన్నిటికీ ఇదే మందు కాదు

పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే క్షణం రెండోసారి రాదు. పరుగెత్తే పసిపిల్లాడు 'కట్' అంటే ఆగడు. అలాంటి చోట ఆటోఫోకస్ లెన్సే దిక్కు. పాత లెన్స్ సూర్యుడికి ఎదురుగా చూస్తే కాంట్రాస్ట్ పడిపోతుంది. ఏ అపర్చర్‌లో తీశామో ఫైల్‌లో రికార్డు కాదు. రేంజ్‌ఫైండర్ల కోసం చేసిన కొన్ని వైడ్ లెన్సులు డిజిటల్ సెన్సర్ మీద అంచుల్లో అలుక్కుపోయినట్టు తీస్తాయి. ఎందుకంటే అవి ఫిల్మ్ కోసం పుట్టినవి. సెన్సర్ ముందు ఉండే గాజు పొర సంగతి వాటికి తెలియదు.

నిదానంగా తీసే పోర్ట్రెయిట్, మ్యూజిక్ వీడియో, షార్ట్ ఫిల్మ్, కూర్చుని మాట్లాడే ఇంటర్వ్యూ.. పాత లెన్స్ రాణించేది ఇక్కడే. పాత సామాన్ల వాడిని పిలిచేముందు, బీరువాలోని ఆ కెమెరాను ఒకసారి బయటకు తీయండి. లెన్స్ బాడీ నుంచి ఊడి వస్తుందా? కొన్ని పాత కెమెరాలకు లెన్స్ శాశ్వతంగా అతుక్కునే ఉంటుంది, వాటితో ఈ పని కుదరదు. ఊడి వస్తే, ముందు అంచు చుట్టూ రాసిన పేరు, నంబర్లు చూడండి. అపర్చర్ రింగు తిరుగుతుందో లేదో చూడండి. టార్చ్ వేసి ఫంగస్ ఉందేమో చూడండి. ఈ పరీక్షలు దాటిన లెన్స్‌కు తగిన అడాప్టర్ ఒక్కటి కొంటే సరిపోతుంది.

మంచి స్థితిలో ఉన్న లెన్స్‌ను మళ్లీ తోలు సంచిలో పెట్టి మూయొద్దు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచాలి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. అన్నిటికంటే మంచి మందు, అప్పుడప్పుడు బయటకు తీసి వాడటమే.

ఒకప్పుడు ఆ లెన్స్‌తో ఎవరి పెళ్లి ఫొటోలు తీశారో, ఎవరి మొదటి పుట్టినరోజు తీశారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. ఆ ఆల్బమ్‌లో చంటిపిల్లగా ఉన్న మనిషి ఇవాళ అమ్మమ్మ అయి ఉండొచ్చు. అదే గాజులోంచి ఆమెను ఇప్పుడు మళ్లీ తీయొచ్చు. దానికి అడ్డుగా ఉన్నది ఆ 27.46 మిల్లీమీటర్ల ఖాళీ మాత్రమే.